ట్యాంకు పెద్దది పెడితే షవర్‌లో నీళ్ళ జోరు పెరుగుతాదా?

పెన్నా_గట్టు
అనంతపురంలో కింద, పైన రెండంతస్తుల ఇల్లు. మిద్దె మీద 500 లీటర్ల ట్యాంకు. దిమ్మె, స్టాండు ఏమీ లేవు, నేరుగా మిద్దె మీదనే కూర్చోబెట్టినాము. కింది బాత్‌రూములో షవర్ బాగానే కొడతాది, దాని లైను వేరు. పైదాంట్లో మాత్రం నీళ్ళు తల మీద పడకుండా గోడ వెంబడి కారతాయి. ట్యాంకు రోంత తగ్గిందంటే అవి కూడా బంద్. ప్లంబర్ చూసి, "500 తీసేసి 1000 లీటర్లది పెట్టండి, బరువు రెట్టింపైతే తోపుడు కూడా రెట్టింపైతాది" అన్నాడు. వినేదానికి సబబుగానే ఉంది గానీ, డబ్బు పెట్టే ముందు తెలిసినవాళ్ళను అడుగుదామని రాస్తున్నా.

కొలతలు ఇవి. ట్యాంకు నిండితే నీళ్ళ లోతు 3 అడుగులు. పై బాత్‌రూము నేల నుంచి మిద్దె పైమట్టానికి పదిన్నర అడుగులు. షవర్ నేలకు 7 అడుగుల ఎత్తులో ఉంది. ట్యాంకు నుంచి షవర్ దాకా అరంగుళం సీపీవీసీ పైపు, సుమారు 10 మీటర్లు, ఎల్బోలు 8.

గువ్వలచెరువు_ఘాట్
1000 కాదు, 5000 లీటర్లు పెట్టినా జోరు అంతే. ఎత్తు పెంచు.

హంద్రీ_గాలి
అదెట్లప్పా? నెత్తిన ఒక బిందె పెట్టుకునేదానికీ రెండు బిందెలు పెట్టుకునేదానికీ తేడా లేదా? నీళ్ళు ఎక్కువుంటే కింద నొక్కేది కూడా ఎక్కువే ఉండాల కదా.

ఐవారు_ఫిజిక్స్
నెత్తి మోసేది బిందె మొత్తం బరువును. ట్యాంకు మొత్తం బరువును మోసేది మిద్దె, పైపు కాదు. పైపుకు తగిలేది ఎంతో లెక్క వేసి చూడండి.

అరంగుళం సీపీవీసీ లోపలి వ్యాసం సుమారు 12.4 మి.మీ. ఆ నోటి వైశాల్యం 1.2 చదరపు సెం.మీ. షవర్ నుంచి మిద్దెకు మూడున్నర అడుగులు, ట్యాంకులో నీళ్ళు మూడు అడుగులు, మొత్తం ఆరున్నర. అంటే 2 మీటర్లు. 1.2 చదరపు సెం.మీ. మీద 200 సెం.మీ. నీళ్ళు నిలబెడితే 240 ఘన సెం.మీ., తూకానికి 240 గ్రాములు. ట్యాంకులో 500 లీటర్లున్నా 1000 ఉన్నా షవర్ దగ్గర పైపు నోటిని నొక్కేది ఈ 240 గ్రాములే.

ఘనపదార్థానికీ ద్రవానికీ అసలు తేడా ఇక్కడే ఉంది. ఇటుకల దొంతర బరువు కిందికి దిగుతుంది, పక్కనున్న గోడను తోయదు. ఇటుక తన ఆకారాన్ని తానే నిలబెట్టుకుంటుంది. నీటికి ఆ శక్తి లేదు. పక్కకు జరిపే బలం ఎంత చిన్నదైనా తగిలితే జారిపోతుంది. అందుకే నిలకడగా ఉన్న నీటిలో ఒక లోతు దగ్గర పైకి, కిందికి, పక్కకు ఎటు చూసినా ఒకే ఒత్తిడి ఉంటుంది. ఆ ఒత్తిడి లోతును, సాంద్రతను, భూమ్యాకర్షణను బట్టే ఉంటుంది. పాత్ర వెడల్పు ఆ లెక్కలోకి రానే రాదు.

10 మీటర్ల నీటికి చదరపు సెం.మీ.కు దాదాపు 1 కిలో ఒత్తిడి. పై షవర్‌కు ఉన్నది 2 మీటర్లు, 0.2 కిలో. కింది షవర్‌కు ఇంకో పదిన్నర అడుగులు కలుస్తాయి కాబట్టి 5.2 మీటర్లు, అర కిలో పైచిలుకు. అదే ట్యాంకు, అవే నీళ్ళు, ఒత్తిడి రెండున్నర రెట్లు.

చిత్రావతి_చెరువు
చెరువుకట్టను చూసినా ఇదే కనపడతాది. అడుగున వెడల్పు, పైకి పోయేకొద్దీ సన్నం. కట్ట వెనక నీళ్ళు అర మైలు పరుచుకున్నా ఐదు మైళ్ళు పరుచుకున్నా కట్టను తోసేది లోతే. శ్రీశైలం డ్యాం గోడకు కూడా అంతే. లోపల ఎన్ని టీఎంసీలున్నాయనేది పొలాలకు లెక్క, గోడ మందానికి మాత్రం నీటి ఎత్తు లెక్క.

కడప జిల్లా పోరుమామిళ్ళ చెరువు శాసనం 1369 నాటిది. మంచి చెరువుకు ఉండాల్సిన 12 అంగాలు, ఉండకూడని 6 దోషాలు దాంట్లో వరసగా చెప్పినారు. కట్ట నుంచి నీరు ఊరడం ఆ దోషాల్లో ఒకటి. లోతు ఎక్కువున్న చోటనే ఒత్తిడి ఎక్కువ కాబట్టి ఊట కూడా కట్ట పాదం దగ్గరే ముందు తేలుతాది. ఆ కాలానికే అంత పట్టి చూసి రాతిలో చెక్కినారంటే చదివే కొద్దీ ముచ్చటేస్తాది.

హంద్రీ_గాలి
సరే, ఒప్పుకున్నా. కానీ 1000 లీటర్ల ట్యాంకు 500దాని కంటే ఎత్తు కూడా ఉంటాది కదా? అప్పుడు అసలు లాభమే లేదనడం కూడా తప్పే.

ఐవారు_ఫిజిక్స్
సరైన మాట. అడుగు ఎత్తు ఎక్కువుంటే నిండినప్పుడు 0.03 కిలో పెరుగుతుంది. ఇంకో లాభం కూడా ఉంది, వాడేకొద్దీ మట్టం నిదానంగా దిగుతుంది. ఈ రెండింటి కోసం ట్యాంకు మార్చడం మాత్రం దండగ.

పైపుల_మేస్త్రి
ఎత్తు, బరువు తర్వాత చూద్దాం. ముందు కొలవాల. పెన్నా_గట్టు అన్నా, ట్యాంకు నిండా ఉన్నప్పుడు 10 లీటర్ల బకెట్ పెట్టి రెండుసార్లు టైము చూడు. ఒకసారి షవర్ తల ఉంచి, ఇంకోసారి విప్పేసి ఉత్త పైపుతో. ఇంగొకటి, "ట్యాంకు రోంత తగ్గితే బంద్" అన్నావే, సరిగ్గా ఏ మట్టం దగ్గర బంద్ అయితాదో చూసి చెప్పు. నాకు ఆ మాట మీదనే అనుమానం.

బోరు_మోటారు
ఇంత తంటా ఎందుకు? ట్యాంకు పక్కన చిన్న ప్రెషర్ పంపు పెట్టించుకో. కొళాయి తిప్పితే తనే ఆన్ అయితాది, కట్టేస్తే ఆగిపోతాది.

పైపుల_మేస్త్రి
అరంగుళం పైపు మీద ప్రెషర్ పంపు పెడితే నీళ్ళు రావు, చప్పుడు వస్తాది. పంపు లోపలికి లాగే తట్టు పైపు సన్నగా ఉంటే అక్కడ ఒత్తిడి పడిపోయి నీళ్ళలోనే బుడగలు పుడతాయి. అవి ఫ్యాను రెక్కల మీద పగిలేటప్పుడు గులకరాళ్ళు పోసినట్టు శబ్దం. రెక్కలు గుంతలు పడి తినేస్తాది. పంపు పెట్టినా లాగే తట్టు అంగుళం పైపు ఉండాల్సిందే.

బోరు_మోటారు
అది నిజమే. అంగుళం వేసి పెట్టమనే నా మాట కూడా. ట్యాంకు కంటే కింద ఉంటే ఇంకా మేలు, నీళ్ళు తమంతట తామే పంపులోకి వస్తాయి. సంపు పైన పెట్టే మోనోబ్లాకు మోటారుకు ఆ సుఖం లేదు, నీళ్ళను కింది నుంచి లాక్కోవాల. గాలి ఒత్తిడి ఎత్తగలిగింది లెక్క ప్రకారం 10 మీటర్లు, అనంతపురం సముద్రమట్టానికి 300 మీటర్ల పైన ఉంది కాబట్టి ఇంకా రోంత తక్కువ, పనిలో 6, 7 మీటర్లకు మించి ఆశపడకూడదు. ఎండాకాలం నీళ్ళు 40 డిగ్రీలుంటే ఆవిరి ఒత్తిడికే ముప్పావు మీటరు పోతాది. ఏప్రిల్, మే నెలల్లో "మోటారు లాగడం లేదు" అని ఫోన్లు రావడానికి నీటిమట్టం దిగడంతో పాటు ఇది కూడా ఒక కారణం.

పెన్నా_గట్టు
కొలిచినాను. షవర్ తలతో 10 లీటర్లకు 2 నిమిషాల 30 సెకన్లు. తల విప్పేస్తే 1 నిమిషం 50 సెకన్లు. ట్యాంకులో నీళ్ళు 2 అడుగులకు దిగేసరికి పూర్తిగా ఆగిపోయింది.

కందనవోలు_సివిల్
లెక్క ఇస్తున్నాను, పోల్చుకోండి. 10 మీటర్ల అరంగుళం సీపీవీసీలో నిమిషానికి 12 లీటర్లు పారితే రాపిడికే 2.7 మీటర్ల ఎత్తు ఖర్చవుతుంది. ముప్పావంగుళంలో అదే పారుదలకు 0.42 మీటరు. అంగుళం పైపులో 0.12 మీటరు. పేరుకు పావు అంగుళం చొప్పున తేడా, రాపిడి చూస్తే ఆరున్నర రెట్లు, 22 రెట్లు తగ్గిపోతోంది. ఎందుకంటే రాపిడి నష్టం వ్యాసానికి దాదాపు ఐదో ఘాతంలో మారుతుంది.

దీనికి ఎల్బోలు కలపాలి. ఒక్కో 90 డిగ్రీల ఎల్బో సుమారు 30 వ్యాసాల పొడవు పైపుతో సమానం. అరంగుళానికి 37 సెం.మీ. చొప్పున ఎనిమిదికి 3 మీటర్లు. అంటే పైపు 10 కాదు, 13 మీటర్లు అనుకోవాలి.

2 మీటర్ల ఎత్తుతో ఈ పైపులో ఉత్త నోటికి రావాల్సింది నిమిషానికి దాదాపు 9 లీటర్లు, బకెట్‌కు 67 సెకన్లు. మీకు వస్తున్నది 1 నిమిషం 50 సెకన్లు, నిమిషానికి అయిదున్నర లీటర్లు. కాబట్టి పైపు సన్నం కావడం ఒక్కటే కారణం కాదు. దారిలో ఇంకేదో అడ్డం ఉంది.

పైపుల_మేస్త్రి
నా అనుమానం అదే. 2 అడుగుల దగ్గర ఆగిపోయిందంటే పైపు యాడో 2 అడుగుల ఎత్తు ఎక్కి దిగుతోంది. పిట్టగోడ మీదుగా వేసినారా, పిట్టగోడకు రంధ్రం చేసి దించినారా?

పెన్నా_గట్టు
పిట్టగోడ మీదుగానే వేసినారు. గోడ సరిగ్గా 2 అడుగులు! కింది లైను మాత్రం రంధ్రం గుండా పోతాది.

పైపుల_మేస్త్రి
దొరికింది. గోడ మీద ఎక్కిన చోట గాలి పట్టుకొని ఉంది.

ఐవారు_ఫిజిక్స్
అనుమానం వద్దు, తేల్చుకునే ఉపాయం ఉంది. మేస్త్రీలు పునాది మట్టం చూసే తెల్లటి లెవెల్ పైపు ఒకటి తీసుకోండి. షవర్ తల విప్పి ఆ నోటికి గట్టిగా బిగించండి. రెండో కొసను వెంటిలేటర్ గుండా మిద్దె మీదికి తీసుకుపోయి ట్యాంకు పక్కన నిలువుగా పట్టుకోండి. వాల్వ్ తిప్పి, లెవెల్ పైపులోని బుడగలన్నీ పోయేదాకా కొసను కిందికి దించి నీళ్ళు పారనివ్వండి. తర్వాత పైకెత్తి, నీళ్ళు నిలిచిన చోట గుర్తు పెట్టండి.

నీళ్ళు పారనప్పుడు రాపిడి ఉండదు. పైపు సన్నమైనా, వాల్వ్ సగం మూసుకున్నా, సున్నం పట్టినా సరే, రోంత ఆలస్యంగానైనా లెవెల్ పైపులో మట్టం ట్యాంకు మట్టానికి వచ్చి తీరాలి. రాకుండా కింద ఆగిపోయిందంటే మధ్యలో గాలి ఉన్నట్టు. ఎంత తక్కువుందో అంత ఎత్తు గాలి స్తంభం దిగే తట్టు పైపులో కూర్చొని ఉంది.

నాపరాయి
ఇది భలే ఉంది ఐవారూ. గాలిని కంటితో కొలిచినట్టే.

పెన్నా_గట్టు
చేసినాను. ట్యాంకులో నీళ్ళు 3 అడుగులు. లెవెల్ పైపులో మిద్దె నుంచి అడుగున్నర దగ్గర ఆగిపోయింది. పది నిమిషాలు పట్టుకొని నిలబడినా కదలలేదు.

ఐవారు_ఫిజిక్స్
తేడా అడుగున్నర. పిట్టగోడ మీద 2 అడుగుల నుంచి అవతల తట్టు అర అడుగు దాకా గాలి నిండి ఉంది. గాలి బరువు నీటితో పోలిస్తే లెక్కలోకి రాదు, అందుకే ఆ అడుగున్నర మేర ఒత్తిడి పెరగడం లేదు. మీ 2 మీటర్లలో 45 సెం.మీ. అక్కడే పోయింది.

పెన్నా_గట్టు
మరి నీళ్ళు గట్టిగా తోస్తే ఆ గాలి బయటికి పోవద్దా?

పైపుల_మేస్త్రి
బోరు మోటారు తోపుడుకైతే పోతాది. ట్యాంకు నీళ్ళకు అంత జోరు లేదు. గాలి పైకే పోవాలని చూస్తాది, నీళ్ళు దాన్ని కిందికి తోసుకుపోవాల. వేగం చాలకుంటే నీళ్ళు దాని కింది నుంచి పాకిపోతాయి, గాలి యాడిదాడే ఉంటాది. ట్యాంకు ఒకసారి ఖాళీ అయి మళ్ళ నింపినప్పుడల్లా కొత్తగా పట్టుకుంటాది.

బోరు_మోటారు
ఎక్కిన చోట ఒక టీ వేసి, పైకి ఎయిర్ పైపు నిలబెడితే సరి. గంట పని.

పైపుల_మేస్త్రి
ఎయిర్ పైపు మంచిదే గానీ ఇక్కడ సగం మందు. గాలి పోతాది, నిండా ఉన్నప్పుడు జోరు వస్తాది. మట్టం 2 అడుగులకు దిగినాక మాత్రం మళ్ళ బంద్. అప్పుడు నీళ్ళు గోడ ఎక్కాలంటే సైఫన్ లాగాల, అంటే అవతల దిగే నీళ్ళే ఇవతలి నీళ్ళను పైకి లాక్కోవాల, ఎయిర్ పైపు తెరిచి ఉంటే సైఫన్ పట్టదు. 500 లీటర్లలో మూడింట రెండు వంతులు పై బాత్‌రూముకు పనికిరాకుండా పోతాయి. పిట్టగోడకు రంధ్రం చేసి పైపును ఎక్కకుండా దించాల్సిందే.

బోరు_మోటారు
ఈ సంగతి నేను ఆలోచించలేదు. రంధ్రమే సరైనది.

పైపుల_మేస్త్రి
రంధ్రం ట్యాంకు నోటి కంటే అంగుళం కింద ఉండాల, మిద్దె నేలకు తగలకుండా రెండంగుళాలైనా పైన ఉండాల, ల్యాకుంటే వాన నీళ్ళు దాంట్లోకి దిగుతాయి. ట్యాంకు నోటి నుంచి రంధ్రం దాకా పైపు మొత్తం వాలుగా దిగాల, నడుమ యాడా గూని ఉండకూడదు. గోడలో ఒక సైజు పెద్ద పైపు ముక్క పెట్టి, దాంట్లో నుంచి అసలు పైపు పంపండి. చుట్టూ సిమెంటు కాకుండా సీలెంట్ నింపండి. ట్యాంకు నోటి దగ్గర వాల్వ్ తర్వాత నిలువుగా ఒక ఎయిర్ పైపు కూడా పెట్టండి, అది ట్యాంకు మూత కంటే ఎత్తుండాల. పొట్టిగా ఉంటే ట్యాంకు నిండినప్పుడు దాంట్లో నుంచే నీళ్ళు పొర్లుతాయి.

కందనవోలు_సివిల్
సిమెంటుతో పైపును బిగించకూడదనడానికి కారణం వ్యాకోచం. సీపీవీసీ 10 మీటర్లకు 30 డిగ్రీల తేడా వస్తే దాదాపు 2 సెం.మీ. పొడవు పెరుగుతుంది. అదే పొడవు ఇనుప పైపైతే 3.6 మి.మీ., కాంక్రీటు కూడా దగ్గర దగ్గర అంతే. గోడ కదలదు, పైపు కదులుతుంది. పడమటి గోడ మీద ఎండకు ఉన్న పైపు తెల్లవారుజామున ఒక పొడవు, మధ్యాహ్నం మూడింటికి ఇంకో పొడవు. రెండు కొసలూ బిగిసి ఉంటే మధ్యలో విల్లులా వంగుతుంది, ల్యాకుంటే ఎల్బో దగ్గర అతుకు ఊడుతుంది. క్లాంపులు పైపును పట్టుకోవాలి గానీ పిసకకూడదు. మలుపు దగ్గర మొదటి క్లాంపును ఎల్బోకు ఆనించకుండా రోంత దూరంగా వేయించండి, ఆ ముక్క అటూ ఇటూ ఆడేదానికి చోటుంటుంది.

ఎండ తగిలే సీపీవీసీకి నీళ్ళలో కలిపే లేత రంగు పెయింటు వేయించండి. థిన్నర్‌తో కలిపే పెయింటు వద్దు, ప్లాస్టిక్‌ను తింటుంది.

హంద్రీ_గాలి
చలికాలంలో మా ఇంట్లో ఇంకా సన్నగా వస్తాయి. నీళ్ళు చిక్కబడతాయా?

ఐవారు_ఫిజిక్స్
చిక్కబడతాయి, నిజమే. నీటి స్నిగ్ధత, అంటే ఆ చిక్కదనం, 20 డిగ్రీల దగ్గర 1.00 మిల్లీపాస్కల్ సెకను, 30 దగ్గర 0.80, 40 దగ్గర 0.65. కానీ ఇంటి పైపుల్లో దాని ప్రభావం చాలా తక్కువ. పారుదల సాఫీగా ఉందో సుడులు తిరుగుతోందో చెప్పేది రెనాల్డ్స్ సంఖ్య, అరంగుళం పైపులో నిమిషానికి 12 లీటర్లు పారితే అది 25 వేలు దాటుతుంది. 4 వేలు దాటితేనే నీళ్ళు సుడులు తిరుగుతూ పారతాయి. అలాంటి పారుదలలో శక్తిని తినేది ఎక్కువగా ఆ సుడులే, చిక్కదనం వాటా స్వల్పం. 20 డిగ్రీలకూ 40 డిగ్రీలకూ మధ్య నాలుగైదు శాతం తేడా వస్తే గొప్ప.

చలికాలంలో మీరు గీజర్ నీళ్ళు కలుపుకుంటారు. ఆ దారిలో వన్‌వే వాల్వ్, సన్నటి కనెక్షన్ పైపు, యాంగిల్ కాక్ జల్లెడ ఉంటాయి. అడ్డం అక్కడ వెతకండి.

గానుగ_నూనె
చిక్కదనం సంగతి నూనె దగ్గర బాగా తెలుస్తాది. వేరుశెనగ నూనె 20 డిగ్రీల నుంచి 40కి వస్తే చిక్కదనం సగానికి సగం పడిపోతాది. గానుగ నుంచి వెచ్చగా ఉన్నప్పుడే గుడ్డలో వడకడితే చకచకా దిగుతాది, చల్లారినాక అదే గుడ్డ, అదే నూనె, గంటలు పడతాది. ఆముదమైతే మామూలు వేడిలో నీటికి దాదాపు వెయ్యి రెట్లు చిక్కన. అయినా నీళ్ళ మీద తేలుతాది. చిక్కన వేరు, బరువు వేరు, ఈ రెండూ కలిపేసి మాట్లాడేవాళ్ళే ఎక్కువ.

పెన్నా_గట్టు
రంధ్రం చేయించి పైపును దించినాము. లెవెల్ పైపు పెట్టి చూస్తే ట్యాంకు మట్టానికి సరిగ్గా వచ్చి నిలిచింది! ఉత్త నోటికి బకెట్ 1 నిమిషం 35 సెకన్లు. ట్యాంకు 2 అడుగుల కంటే దిగినా వస్తున్నాయి. కానీ సివిల్ మేడం చెప్పిన 67 సెకన్లు రాలేదు.

కందనవోలు_సివిల్
మట్టం సరిగ్గా నిలిచింది కాబట్టి గాలి లేదు. ఇప్పుడు మిగిలింది పారేటప్పుడు మాత్రమే కనపడే అడ్డం. ట్యాంకు దగ్గర వాల్వ్ ఏ రకం?

పెన్నా_గట్టు
గుండ్రటి పిడి ఉన్న ఇత్తడిది. ఎన్ని చుట్లు తిప్పినా తిరుగుతానే ఉంటాది.

పైపుల_మేస్త్రి
అదే. పిడి తిరుగుతోంది గానీ లోపలి బిళ్ళ సున్నం పట్టి సగంలో ఇరుక్కుపోయింది. తీసేసి బాల్ వాల్వ్ పెట్టు. పూర్తిగా తెరిచిన బాల్ వాల్వ్ మూడు వ్యాసాల పైపుతో సమానం, ఉన్నట్టే తెలియదు. కొన్ని ఇళ్ళల్లో గ్లోబ్ వాల్వులు పెట్టి ఉంటారు, వాటిలో నీళ్ళు మెలిక తిరిగి పోవాల. అరంగుళం పైపుకు ఒక్క గ్లోబ్ వాల్వ్ అంటే ఇంకో 4 మీటర్ల పైపు అదనంగా వేసినంత రాపిడి.

నాపరాయి
షవర్ తల కూడా చూడండి. మన తట్టు బోరు నీళ్ళకు తెల్లపొర పట్టకుండా ఉండదు. గోరువెచ్చని లీటరు నీళ్ళలో 50 గ్రాముల నిమ్మఉప్పు కలిపి గంటసేపు నానబెట్టండి, బుడగలొచ్చి కరిగిపోతాది. సన్న రంధ్రాలను గుండుసూదితో పొడవండి. బాత్‌రూములు కడిగే యాసిడ్ మాత్రం వాడొద్దు, మెరుగు పూత లేచిపోతాది.

ఇంగొక ముఖ్యమైన మాట. ఆ గిన్నెను కడప బండ గట్టు మీద పెట్టొద్దు. షవర్‌కు పట్టిన తెల్లపొర, గట్టు మీద నల్లటి బండ, రెండింట్లోనూ ఉండేది ప్రధానంగా కాల్షియం కార్బోనేటే. దాన్ని కరిగించే నిమ్మఉప్పు దీన్నీ కరిగిస్తాది. ఒక్క చుక్క పడి ఐదు నిమిషాలుంటే పాలిష్ పోయి బూడిదరంగు మచ్చ పడతాది. గట్టు మీద నిమ్మకాయ కోసిపెట్టిన చోట్లు చూస్తే తెలుస్తాది.

ఐవారు_ఫిజిక్స్
షవర్ తలకు లెక్క ఒకటి. 1 మి.మీ. రంధ్రాలు 60 ఉండి, దాని దగ్గర 1 మీటరు ఎత్తు మిగిలితే నిమిషానికి సుమారు 7.5 లీటర్లు వస్తాయి. 20 రంధ్రాలు పూడితే 5 లీటర్లు. తక్కువ ఎత్తున్న ఇంటికి మంచి జల్లు కావాలంటే రంధ్రాల మొత్తం వైశాల్యం ఎక్కువున్నది కొనాలి.

పెన్నా_గట్టు
బాల్ వాల్వ్ మార్చినాక 1 నిమిషం 8 సెకన్లు. మేడం లెక్కకు ఒక్క సెకను తేడా! ఇప్పుడు ట్యాంకు కింద 5 అడుగుల దిమ్మె కట్టించేదా, పైపు మార్చేదా? రెండూ ఒకేసారి కష్టం.

కందనవోలు_సివిల్
పైపు. అయిదడుగులు, అంటే 1.5 మీటర్లు పెంచితే ఎత్తు మూడున్నర మీటర్లవుతుంది, అరంగుళంలో 9 లీటర్లు 12 అవుతాయి. ఎత్తు ముట్టుకోకుండా పైపు మొత్తం ముప్పావు వేస్తే 23 లీటర్లు. బాత్‌రూము గోడ దాకా అంగుళం వేసి, టైల్సు పగలకొట్టకుండా గోడ లోపలి మీటరున్నర అరంగుళాన్ని అట్లే వదిలేస్తే దాదాపు 20. నా సలహా ఆ మూడోది.

నాపరాయి
దిమ్మె కట్టినా పెద్ద ఖర్చేమీ కాదు. నాలుగు ఇటుక స్తంభాలు, పైన రెండు బండలు. మా తట్టు అందరూ అట్లే వేసుకుంటారు.

కందనవోలు_సివిల్
బండ మందం ఎంత అన్నా? అది చెప్పకుండా వేయించకూడదు. 2 అడుగుల వెడల్పు బండలు రెండు, ఆనికకూ ఆనికకూ మధ్య మూడున్నర అడుగులు, ఒక్కోదాని మీద 250 కిలోలు అనుకుందాం. 40 మి.మీ. బండ అడుగుభాగంలో సాగుడు ఒత్తిడి చదరపు సెం.మీ.కు 21 కిలోలు. 20 మి.మీ. బండైతే 84 కిలోలు. మందం సగమైతే ఒత్తిడి నాలుగు రెట్లు. రాయి నొక్కుడుకు ఎంతైనా ఓర్చుకుంటుంది, సాగుడుకు అందులో పదో వంతు కూడా కష్టమే. పైగా ఉక్కులాగా ముందు వంగి చెప్పదు, ఒక్కసారిగా ఫట్‌మంటుంది. లోపల సన్నటి గీత ఉందంటే 84 కిలోలను అసలు నమ్మలేము.

నాపరాయి
40 మి.మీ. కంటే తక్కువ నేనూ ఒప్పుకోను మేడం, ముందే చెప్పాల్సింది. బండను ఎంచుకునేటప్పుడు రెండు కొసలా చెక్క ముక్కల మీద పెట్టి, మధ్యలో చిన్న సుత్తితో తట్టండి. గంట మోగినట్టు ఖంగుమంటే లోపల బాగుంది. డబ్బుమని మూగగా పలికితే పొర విడిచింది, వద్దు. నీళ్ళు చల్లి ఆరబెట్టినా తెలుస్తాది, బండంతా ఆరినాక గీత ఉన్న చోట తడి సన్నగా ఇంకా కనపడతాంటాది.

మధ్యలో ఇంకో స్తంభం వేస్తే మేలు కదా?

కందనవోలు_సివిల్
వేయండి, కానీ ఒకే పొడుగు బండను మూడు స్తంభాల మీద పరచొద్దు. మధ్యది పావు అంగుళం ఎత్తు తేలినా బండ దాని మీద తూగి, ఈసారి పైతట్టు నుంచి పగులుతుంది. రెండు చిన్న బండలు తీసుకుని అతుకు మధ్య స్తంభం మీదికి తేండి. ఆనికల దూరం సగమైతే ఒత్తిడి నాలుగో వంతుకు పడిపోతుంది.

స్తంభాలు మిద్దె నడిమధ్యలో వద్దు. మనుషులు ఎక్కి తిరిగే మిద్దెకు లెక్క కట్టేది చదరపు మీటరుకు 150 కిలోలు. ట్యాంకు కింద పడేది, ఒక మీటరు నీళ్ళ ఎత్తుకే 1000 కిలోలు. గోడ మీదో దూలం మీదో పడేట్టు జరపాలి. ప్లాస్టిక్ ట్యాంకు అడుగు మొత్తం ఆనాలి, బండల మధ్య సందు ఉంటే ఏళ్ళు గడిచేకొద్దీ ప్లాస్టిక్ ఆ సందులోకి దిగి అక్కడే చిరుగుతుంది.

గువ్వలచెరువు_ఘాట్
మొదట ఎత్తు పెంచమన్నది నేనే. పైపుకు ఇంత సంగతి ఉందని ఇప్పుడు తెలిసింది. 1.5 మీటర్ల దిమ్మె కంటే పైపు లావు పావు అంగుళం పెంచడమే ఎక్కువ పని చేస్తాదంటే నమ్మబుద్ధి కాలేదు, లెక్క రెండుసార్లు వేసుకున్నా.

పెన్నా_గట్టు
గోడ దాకా అంగుళం వేయించినాము, లోపలిది అరంగుళమే ఉంచినాము. ట్యాంకు నిండా ఉన్నప్పుడు ఉత్త నోటికి 33 సెకన్లు. ట్యాంకులో అడుగు నీళ్ళున్నప్పుడు 40 సెకన్లు. షవర్ తల నిమ్మఉప్పులో నానబెట్టి పెట్టినాక 1 నిమిషం 8 సెకన్లు, మొదట 2 నిమిషాల 30 ఉండేది. ట్యాంకు అదే 500, దిమ్మె లేదు, పంపు లేదు.

పైపుల_మేస్త్రి
33 సెకన్లు బాగుంది. బాల్ వాల్వ్‌ను నెలకోసారి పూర్తిగా మూసి తెరువు అన్నా. కదలకుండా ఉంటే మన నీళ్ళకు అది కూడా బిగుసుకుంటాది.